పదకొండుసార్లు దారి తప్పిన ఎర్ర పెట్టె

"మీ మిషన్‌కి కళ్ళు కనబడవా మేడమ్? ఎర్ర పెట్టె మళ్ళీ నా దగ్గరికే వచ్చింది!"

ఫోన్ పెట్టేసి, బ్యాగేజీ సూపర్‌వైజర్ అమాయకంగా జుట్టు సర్దుకున్నాడు.

ఎయిర్‌పోర్టులో సామాను వేరుచేసే కొత్త మిషన్‌కు పరీక్షలు జరుగుతున్నాయి. ఇసుక మూటలు నింపిన పాత పెట్టెలు బెల్టుల మీద గిరగిరా తిరుగుతున్నాయి. ట్యాగు చదవలేకపోతే మిషన్ ఆ పెట్టెను మనవాడి బల్ల మీదికి తోసేస్తుంది. అప్పుడు ఆ మిషన్ బిగించిన ఇంజనీరమ్మ పై అంతస్తు నుంచి స్వయంగా దిగివచ్చి, చూసి సంతకం పెట్టాలి. ఆ రూల్ తెలిసిన రోజే మనవాడికి బుద్ధి వక్రించింది. ఎర్ర పెట్టె స్కానర్‌లోకి దూరే ముందు చెయ్యి చాపి ట్యాగు మడిచేస్తున్నాడు.

ఆమె రుసరుసలాడుతూ వచ్చింది. "నా పరువు తియ్యాలని ఈ పెట్టె కంకణం కట్టుకుందా?"

"నాకేం తెలుసు మేడమ్! దానికి మీరంటే అభిమానమేమో."

"దానికేనా?" ఓరగా చూసిందామె.

ఇంతలో వెనకే మేనేజర్ ఊడిపడ్డాడు. "పదకొండోసారి! ఇక చాలమ్మా. సాయంత్రం నువ్వు వెళ్ళిపో. రేపు ఇంకో ఇంజనీరు వస్తాడు."

సూపర్‌వైజర్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. తన సరదా ఆమె ఉద్యోగం మీదికి వచ్చింది. నిజం చెబితే తనది ఊడుతుంది. అయినా నోరు ఆగలేదు.

"సార్, తప్పు మిషన్‌ది కాదు. ట్యాగు నేనే..."

"మడవమని నేనే చెప్పాను సార్!" ఆమె చటుక్కున అందుకుంది. "నలిగిన ట్యాగులొస్తే మిషన్ పక్కకు తీస్తుందో లేదో చూడాలిగా! పదకొండుసార్లూ పాసైంది."

మేనేజర్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఆ మాట ముందే చెప్పి ఏడవొచ్చుగా!" అంటూ వెళ్ళిపోయాడు.

ఆమె ట్యాబ్ తిప్పి చూపింది. కొత్త స్కానర్‌లో కెమెరా ఉంటుందని పాత బెల్టులకే అలవాటుపడ్డ మనవాడికి తెలియదు. పదకొండు ఫోటోలు. అన్నింట్లోనూ అతడి చెయ్యే. రెండింట్లో అయితే స్కానర్ అద్దంలో చూసుకుంటూ జుట్టు దువ్వుకుంటున్నాడు కూడా.

"మొదటి రోజే చూశాను."

"మరి చెప్పలేదేం?"

"చెబితే నేను కిందికి రావడానికి సాకేదీ?"

అతడి చెవులు ఎర్రబడ్డాయి. "మీరంటే నాకు చాలా ఇష్టమండీ," అనేశాడు ఊపిరి తీసుకోకుండా.

"ఉద్యోగం పోతుందని తెలిసీ నోరు తెరిచారు చూడండి, అప్పుడే నమ్మాను."

ఎర్ర పెట్టె ట్యాగు పీకి, వెనక ఏదో రాసి అతడి చొక్కా జేబులో పెట్టిందామె. ఇంటి అడ్రసు. ఆదివారం, నాలుగు గంటలు.

"ఇంట్లో మీ గురించి ఎప్పుడో చెప్పేశాను. అమ్మానాన్నా చూస్తామంటున్నారు. ఈ ట్యాగు మాత్రం మడవకండి."