మధ్యలో ఖాళీ కుర్చీ

చచ్చిపోయినవాడు రాడార్ ఇంజనీరు. విజయవాడ వెళ్లే బస్సులో కిటికీ పక్క సీట్లో కూర్చుని, కునుకు తీస్తున్నవాడిలాగే పోయాడు. ఎడమ తొడ మీద సూది గుర్తు ఉంది.

"గుండెపోటని ఇంట్లోవాళ్లే అందరికీ చెప్పుకున్నారు," అన్నాడు చీఫ్ జగన్నాథరావు, ఫోటోని టేబుల్ మీద ఇటు తోస్తూ. "పోస్టుమార్టం వద్దని కాళ్లావేళ్లా పడ్డారు. ఎందుకో తెలుసా? జేబులో ఈ కార్డు దొరికింది."

‘నవధార సెల్ థెరపీ సెంటర్, తిరువూరు’ అని ఉంది కార్డు మీద. కింద చిన్న అక్షరాల్లో: ‘పురుషుల ప్రత్యేక సమస్యలకు స్టెమ్ సెల్స్‌తో పునరుజ్జీవ చికిత్స. వివరాలు గోప్యం.’

ఏజెంట్ గురుచరణ్ ఆ కార్డును అవసరమైనదానికంటే కాస్త ఎక్కువసేపే చూశాడు. చీఫ్ గమనించలేదు.

"విదేశీ ముఠా పని ఇది. పెళ్లానికి కూడా చెప్పుకోని మాటల్ని మగాడు అక్కడ కౌన్సెలింగ్ గదిలో చెప్పుకుంటాడు. గోడలో కెమెరా. ఆ సీడీ చూపించి డిఫెన్స్ రహస్యాలు లాగుతారు. సరుకు చేతికందగానే మనిషిని లేపేస్తారు. మనిషి వెళ్లొచ్చిన చోటు బయటికి చెప్పుకోలేక ఇంటివాళ్లే కేసు మూసేస్తారు."

"ఇప్పుడెవరు సార్?"

"మిసైల్ గైడెన్స్ సైంటిస్టు రాధాకృష్ణమూర్తి. గురువారం ఆ క్లినిక్‌కి చిప్ పట్టుకెళ్తున్నాడు. దాన్ని తీసుకునే కొరియర్ ఎలా ఉంటాడో ఎవరికీ తెలీదు. తెలుగు మనలాగే మాట్లాడతాడట. మూర్తిని ముందే ఆపామా, ఆ కొరియర్ మాయమైపోయి ఇంకో ఊళ్లో ఇంకో బోర్డు కడతాడు. కొరియర్ దొరకాలి, మూర్తి బతకాలి. క్లినిక్‌లో కౌన్సెలర్ సుప్రజ అటు వాళ్ల మనిషి, ఇటు మన మనిషి. ఆ అమ్మాయినీ పూర్తిగా నమ్మకు."

"నా కవర్?"

"రెడ్డిగూడెం మామిడి రైతు గిరిబాబు. అక్కడికొచ్చే మగాళ్లకుండే జబ్బే నీకూ!" చీఫ్ పడీపడీ నవ్వాడు. "నటించగలవా?"

"ట్రై చేస్తాను సార్."

నటించనక్కర్లేదన్న సంగతి ఇద్దరికే తెలుసు. ఒకరు హైదరాబాదులో ఒక డాక్టరు. రెండోది శర్వాణి. ఆమె మూడేళ్ల క్రితం ఒక్క మాట కూడా అనకుండా పుట్టింటికి వెళ్లి, అక్కణ్నుంచి విడాకుల కాగితాలు పంపింది. నాలుగు తిట్టినా బాగుండేదని అతనికి ఇప్పటికీ అనిపిస్తుంది. తుపాకీకి ఎదురు నిలబడ్డ మనిషి, ఆ డాక్టరు వెయిటింగ్ రూంలో మాత్రం ముఖానికి పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు.

2008 వేసవి. తిరువూరులో ఎండ నిప్పులు చెరుగుతోంది. బుధవారం పొద్దున గురుచరణ్ తెల్ల చొక్కా, కిర్రు చెప్పులతో షేర్ ఆటో దిగాడు. నవధార సెంటర్ మెయిన్ రోడ్డు మీద, పురుగుమందుల కొట్టు పైన ఉంది. ముందువైపు పాలరాతి మెట్లున్నాయి. పేషెంట్లు మాత్రం సందులోంచి వెళ్లి వెనక ఇనప మెట్లెక్కుతున్నారు. అతనూ అలాగే ఎక్కాడు.

కౌన్సెలింగ్ గదిలో సుప్రజ షిఫాన్ చీరలో, సినిమా పోస్టర్‌లోంచి దిగొచ్చినట్టుంది.

"మీ తోటలో చిన్నరసాలు బాగా కాశాయా అండి?"

"కాయ నిలవలేదండి. గాలివానకి రాలిపోయింది."

కోడ్ సరిపోయింది. ఆమె కళ్లతోనే గోడ మీది కేలెండర్ చూపించింది. దాని వెనకే కెమెరా. ఇక గిరిబాబు కథ చెప్పాలి. డిపార్ట్‌మెంటు రాసిచ్చిన స్క్రిప్టు గురుచరణ్‌కి కంఠతా వచ్చు. మొదలుపెట్టాడు. సగంలో దారి తప్పాడు.

"ఆవిడ నిద్రపోయేదాకా వరండాలో పేపరు పట్టుకుని కూర్చునేవాణ్నండి. పొద్దున చదివిన పేపరే. లోపల లైటు ఆరాక, ఇంకాసేపు ఆగి, చప్పుడు కాకుండా వెళ్లి పడుకునేవాణ్ని. ఆవిడ నిద్రపోలేదని నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకీ తెలుసు."

సుప్రజ టేబుల్ కింద ఏదో స్విచ్ నొక్కింది.

"కెమెరా ఆపేశాను. స్క్రిప్టులో వరండా లేదు కదండీ?"

గురుచరణ్ కేలెండర్ వంక చూశాడు. గూఢచారి అడగకూడని ప్రశ్న అడిగాడు.

"ఈ ట్రీట్‌మెంటు... నిజంగా పనిచేస్తుందా?"

"ఇక్కడ ఎక్కించేది సెలైనండి. స్టెమ్ సెల్స్ సంగతి ఇంకా పరిశోధనల్లోనే ఉంది. ఎప్పటికైనా రావచ్చు, రాకపోవచ్చు." ఆమె గొంతు తగ్గించింది. "రోజూ ఇలా వింటూనే ఉంటాను. ఒక్కొక్కరూ ఈ లోకంలో తనొక్కడికే ఇలా అయిందనుకుంటారు."

కొండంత ఆశేమీ పెట్టుకోలేదు. అయినా ఆ రాత్రి లాడ్జిలో గురుచరణ్ అన్నం ముట్టలేదు.

గురువారం వెయిటింగ్ రూం నిండింది. నిండిందంటే, ప్రతి ఇద్దరి మధ్యా ఒక ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఉండగా నిండింది. కౌంటర్ దగ్గర అందరిదీ ఒకే జబ్బు.

"నడుం నొప్పండి," అన్నాడు నల్లకళ్లద్దాలాయన.

"నాక్కూడా నడుమేనండి," అన్నాడు తువ్వాలు చుట్టుకున్నాయన.

కిటికీ దగ్గర ఇంకొకడు చేతిసంచిని గుండెకి హత్తుకుని వణుకుతున్నాడు. ఒకరి ముఖం ఒకరు చూడరు. పేర్లు పిలిస్తే ఉలిక్కిపడతారు. ఇంతమంది అనుమానాస్పదుల్ని గురుచరణ్ తన సర్వీసులో ఒకేచోట చూడలేదు. వీళ్లలో కొరియర్‌ని ఎలా పట్టేది?

మూలన రాధాకృష్ణమూర్తి ఒళ్లో టిఫిన్ కేరియర్ పెట్టుకుని కూర్చున్నాడు. అడుగు గిన్నెలో పులిహోర కింద చిప్ ఉందని సుప్రజ ముందే చెప్పింది. ఆయన పెదాలు కదులుతున్నాయి. ఏ దేవుడికి మొక్కుకుంటున్నాడో పాపం.

అప్పుడు ముందువైపు పాలరాతి మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

మోకాళ్ల దాకా ఎగగట్టిన పంచె, భుజాన కండువా, చేతిలో గొడుగు. అచ్చమైన పత్తి రైతు. సరాసరి కౌంటర్ దగ్గరికొచ్చాడు.

"పేరు వెంకటప్పయ్యండి. మాది వినగడప. అంగం గట్టిపడట్లేదండి. ఇంజెక్షన్ చేయించుకుందామని వచ్చాను."

గదిలో తలలన్నీ ఒక్కసారి వంగిపోయాయి. ఎవరో దగ్గారు. గురుచరణ్‌కి ముందు కలిగింది అనుమానం కాదు, అసూయ. ఎంత తేలిగ్గా అనేశాడు! ఆ ఒక్క మాట తను శర్వాణితో అనగలిగి ఉంటే!

వెంకటప్పయ్య నేరుగా వెళ్లి, మూర్తికి ఆనుకుని ఉన్న ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు.

"మీకూ అదేనా అండి?"

గురుచరణ్‌కి అప్పుడు తట్టింది. ఈ నేల మీద పుట్టిన మగాడెవడూ ముందు మెట్లెక్కడు. ఆ మాట పైకి అనడు. ఆ కుర్చీలో కూర్చోడు. వీడికి యాస నేర్పారు, పంచెకట్టు నేర్పారు, పత్తి ధర కూడా నేర్పే ఉంటారు. సిగ్గు నేర్పడం మర్చిపోయారు.

టిఫిన్ కేరియర్ అప్పటికే చేతులు మారింది. గొడుగు మొన మూర్తి తొడవైపు వాలుతోంది. మొనలోంచి సన్నటి సూది బయటికొచ్చింది.

గురుచరణ్ జేబులోంచి, డిపార్ట్‌మెంటు ఇచ్చిన మత్తుసూది పేల్చే డార్ట్ పెన్ తీసి గురిపెట్టి నొక్కాడు. ఉత్తి ఇంకు చిమ్మింది. సూదికీ మూర్తి తొడకీ మధ్య బెత్తెడు దూరం కూడా లేదు. చేతికందింది తన పక్కనున్న ఖాళీ కుర్చీ. ఎత్తి బలంకొద్దీ విసిరాడు.

గొడుగు ఎగిరిపడింది, సూది గోడలో దిగింది. కుర్చీ రెండు ముక్కలైంది. కిందపడ్డ కొరియర్ చెయ్యి నోటి దగ్గరికి వెళ్లేలోపే, లోపల్నుంచి ఉరికొచ్చిన సుప్రజ హైహీల్ దాని మీద పడింది. వేళ్ల మధ్యనుంచి సైనైడ్ గుళిక దొర్లిపోయింది.

నిమిషంలో వెయిటింగ్ రూం ఖాళీ. వెనక మెట్ల మీద నడుం నొప్పి పేషెంట్లు లేళ్లలా పరిగెత్తారు.

మూర్తి ఒక్కడే మిగిలాడు. పరిగెత్తే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"చిప్ ఇవ్వబోయాను. శిక్ష వెయ్యండి, ఉరి తియ్యండి," అన్నాడు చేతులు జోడించి. "మా ఇంట్లో మాత్రం చెప్పకండి బాబూ."

కొరియర్‌ని వాడి కండువాతోనే కట్టేసి, సుప్రజ లోపల్నుంచి సీడీల డబ్బా తెచ్చింది. ఒక్కొక్కటే తీసి, విరిచి చెత్తబుట్టలో పడేసింది. గురుచరణ్ అడ్డు చెప్పలేదు. మూర్తి పక్కన, ఈసారి మధ్యలో ఖాళీ వదలకుండా కూర్చున్నాడు.

"నాకూ అదేనండి," అన్నాడు.

మూర్తి తలెత్తి చూశాడు. ఆ గదిలో మొదటిసారి ఒక పేషెంటు ఇంకో పేషెంటు ముఖం చూశాడు. ఆయన గురుచరణ్ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు.

"వెల్‌డన్! సీడీలేవి?"

"కొట్లాటలో విరిగిపోయాయి సార్."

"ఊఁ. అంతమందిలో వాణ్ని ఎలా కనిపెట్టావయ్యా? రిపోర్టులో రాయాలి."

ఇన్‌ట్యూషన్ అనవచ్చు. ట్రైనింగ్ అనవచ్చు. గురుచరణ్ రోడ్డు మీది బస్సుల వంక చూస్తూ ఊపిరి తీసుకున్నాడు.

"వాడు సిగ్గుపడలేదు సార్. అలాంటి వెయిటింగ్ రూముల్లో నేను నిజంగానే కూర్చున్నాను. హైదరాబాదు డాక్టరు దగ్గర, చాలాకాలం. అందుకని తెలిసింది."

లైను కట్టయిందేమో, ఉద్యోగం కూడా కట్టయిందేమో అనుకున్నాడు. చివరికి జగన్నాథరావు గొంతు సవరించుకున్నాడు.

"ఆ డాక్టరు... మంచివాడేనా?"

"ఓపిగ్గా వింటాడు సార్."

"నంబరు పంపించు. మా బావమరిది పాపం, నడుం నొప్పితో చాన్నాళ్లుగా బాధపడుతున్నాడు."

జగన్నాథరావుకి బావమరుదులు లేరని డిపార్ట్‌మెంటులో అందరికీ తెలుసు. గురుచరణ్ నంబరు పంపించాడు.