హీటర్‌లో చల్లగాలి

డ్రైవరు కారు షెడ్డులో ఉన్నాడు. షెడ్డుకు బయటి నుంచి తాళం. తప్పు ఒప్పుకునేదాకా తీయనని, సాయంత్రం పోలీసులకు అప్పగిస్తానని యజమాని అన్నాడు. డిటెక్టివ్‌కు ఫోన్ చేసింది యజమాని చెల్లెలు.

ఆమె పొద్దున వేరే ఊళ్లో ఉద్యోగంలో చేరడానికి బయలుదేరింది. ఊరు దాటగానే కారు ఆగిపోయింది. ఇంటికి లాక్కొచ్చి వాకిట్లో పెట్టారు. రేపటికి చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

"ఇంజన్ని చల్లబరిచే కూలెంటు చూసుకోకుండా నడిపాడు. ఇంజను పట్టేసింది," అన్నాడు యజమాని, డిటెక్టివ్‌నీ అతని అసిస్టెంటునూ లోపలికి రానిచ్చి గేటుకు మళ్లీ తాళం వేస్తూ.

"కూలెంటు బాటిల్ నిండుగా ఉంది సార్," అన్నాడు డ్రైవరు కిటికీ ఊచల వెనక నుంచి. "వేడి చూపించే ముల్లు సగం కూడా దాటలేదు."

"ఇంజను మాడిపోతే ముల్లు లేవదా? మా చెవిలో పువ్వులు పెడుతున్నాడు."

డిటెక్టివ్ బానెట్ ఎత్తాడు. బాటిల్ నిండుగానే ఉంది. రేడియేటర్ మూత తీస్తే లోపల చుక్క లేదు. అసిస్టెంటు కారు కిందికి దూరి వచ్చాడు. గొట్టాలు బాగున్నాయి, ఎక్కడా తడి మరక లేదు.

"దారిలో ఏమైనా తేడా అనిపించిందా అమ్మా?" అని డిటెక్టివ్ చెల్లెల్ని అడిగాడు.

"చలేస్తోందని హీటర్ వేయించాను. మొదట్నుంచీ చల్లగాలే. ఇది హీటరా, విసనకర్రా అన్నాను."

"నిన్న?"

"నిన్న అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్లినప్పుడు వెచ్చగానే ఉంది."

"షెడ్డు తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"నా మొలకే ఉంటుంది," అన్నాడు యజమాని. "ఇంట్లో ఎవర్నీ నమ్మను. పొద్దున నేనే తీసి, పక్కన నించుని బండి బయట పెట్టించాను."

డిటెక్టివ్ అందర్నీ షెడ్డు ముందుకు పిలిచాడు. తల్లిని కుర్చీలో కూర్చోబెట్టారు.

"హీటర్‌కి వేడి అందేది ఇంజను చుట్టూ తిరిగే కూలెంటు నుంచే. మొదట్నుంచీ చల్లగాలి వచ్చిందంటే, బయల్దేరేటప్పటికే కూలెంటు లేదు."

"మరి ముల్లు ఎందుకు లేవలేదు సార్?" అన్నాడు అసిస్టెంటు.

"ముల్లుకు కబురు పంపే సెన్సరు కూలెంటులో మునిగి ఉండాలి. గాల్లో ఉంటే దానికి ఇంజను వేడి సరిగ్గా తెలీదు. డ్రైవరు చెప్పింది నిజం. నిన్న కూలెంటు ఉంది. దారిలో కారలేదు. షెడ్డులోనే ఎవరో రేడియేటర్ ఖాళీ చేసి, డ్రైవరు చూసే బాటిల్ ఒక్కటీ నిండుగా వదిలారు. షెడ్డు తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంది."

యజమాని చెయ్యి మొల దగ్గరికి పోయింది.

"ఇది వెళ్లిపోతే అమ్మని ఎవరు చూస్తారు?" అన్నాడు.

"నన్ను అడ్డం పెట్టుకోకురా," అంది తల్లి. "ముందు ఆ అబ్బాయి తాళం తియ్యి."

తాళం తీశాడు. డ్రైవరు బయటికొచ్చి, బస్టాండుకు మోయడానికి చెల్లెలి పెట్టె అందుకున్నాడు.

"గేటుది కూడా తియ్యి, అన్నయ్యా," అంది ఆమె.