రాజమాత రుమాలు

మా అమ్మ చూస్తే చీపురు తిరగేసేది గానీ, నా ఉద్యోగంలో ఎంగిలి కూడా ఒక పనిముట్టే. పాత బట్టల మీద మరకలకి మందులు వాడితే పోగులు పెళుసెక్కుతాయి. దూది పుల్లని నాలిక మీద తడిపి, మరక మీద మెల్లగా దొర్లించాలి. ఈ పరాయి దేశంలో, బాతెల్ అనే ఊళ్లో, మా చిన్న మ్యూజియంలో పదకొండేళ్లుగా నేను చేస్తున్న పని ఇదే.

ఆ గురువారం స్కూల్ తొందరగా వదిలేశారని జూడ్‌ని నాతోనే తెచ్చుకున్నాను. వాడికి ఎనిమిదేళ్లు. మూతికి చాక్లెట్ పూసుకుని వచ్చాడు. బొటనవేలు నాలికకి అద్ది తుడిచాను. "అమ్మా, ఛీ, గ్రాస్!" అని మొహం చిట్లించి, కారిడార్‌లో బల్ల మీద హోంవర్క్ పెట్టుకున్నాడు.

వచ్చే నెల ఎగ్జిబిషన్ ఒట్టోమన్ సుల్తానుల అంతఃపురపు ఆడవాళ్ల గురించి. నా ముందున్నది ఒక రాజమాత రుమాలు. తెల్ల బట్ట, అంచున వెండి పోగు, మధ్యలో గోధుమరంగు మరక. ఎగ్జిబిషన్ పనులు చూసే విద్య తలుపు దగ్గర నిలబడి చెప్పింది.

"జోసఫిన్ గారూ, ఈవిడ దర్బార్‌లో కూర్చునేది కాదండీ. పైన గోడలో చిన్న జాలీ కిటికీ, దాని వెనక నించి వినేది. మంత్రులకి కనపడదు. వింటోందో లేదో తెలీక అందరూ వణికేవాళ్లు. ఆవిడ ఆర్డర్ ఇలా రుమాల్లో చుట్టి వచ్చేది."

"ఇందులో ఏం చుట్టిందట?"

"ఇద్దరు కొడుకులు. పెద్దవాడు సుల్తాను, మతి చలించింది. వాణ్ణి దించకపోతే ఇద్దర్నీ చంపుతామని సైన్యం తిరగబడింది. చిన్నవాణ్ణి ఉంచుకుంటానని ముద్ర వేసింది. పెద్దవాడి మెడకి పట్టుతాడు... రాజరక్తం నేల మీద పడకూడదు కదా." విద్య ఫోన్‌లో టైమ్ చూసుకుంది. "ఆ మరక బ్లడ్ కాదంట. టెస్ట్ చేశారు. ఉప్పు. సరే, నేను బయల్దేరతానండీ, ట్రాఫిక్ మొదలవుతుంది."

ఆమె వెళ్లాక చాలాసేపు పుల్ల ముట్టుకోలేదు.

నేనూ ఒక కాగితం మీద సంతకం పెట్టాను. అప్పుడు నా కడుపులో ఇద్దరు. ఒకడి రక్తం ఇంకొకడికి పోతోంది, ఇలాగే వదిలేస్తే ఇద్దరూ దక్కరు అన్నాడు డాక్టరు. ఒకడి బొడ్డుతాడు బిగించి ఆపేస్తే రెండోవాడు బతకొచ్చన్నాడు. చర్చిలో ఒక్క బిడ్డ పుట్టినందుకే స్తోత్రాలు చెల్లించాం. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని నేనూ, మా ఆయన షాలేం రాజూ నోరు మూసుకున్నాం. జూడ్‌కి తమ్ముడొకడున్నాడనే తెలీదు. తెలిసిన రోజు వాడు నన్నెలా చూస్తాడో అన్నదే నా భయం.

నాలుగున్నరకే బయట చీకటి. వాన. పుల్ల తడిపి మరక మీద దొర్లించాను. కొస గోధుమరంగుకి తిరిగింది. ఇంకో పుల్ల. ఇంకోటి. నా నోరు ఎండిపోతోంది గానీ, బట్ట మీద తడి మాత్రం పెరుగుతోంది.

అప్పుడు వాసన వచ్చింది. తడిసిన ఉన్ని, వాడిన గులాబీలు. పైన గోడలో హీటర్ జాలీ ఉంది. సోమవారం నుంచి హీటర్ పనిచెయ్యటం లేదు. అయినా అందులోంచి గాలి వస్తోంది. ఆగి... వస్తోంది. ఆగి... వస్తోంది.

ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.

"ఎవర్ని ఉంచుకున్నావు?"

మా గుంటూరు తెలుగే. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన ముసలి గొంతు. నేను తల ఎత్తలేదు. ఎత్తితే కళ్లు కనపడతాయి.

"జూడ్‌ని," అన్నాను.

"రెండోవాడు?"

"లేడు," అన్నాను.

"నేనూ మావాడు లేడనే అన్నాను..." అంది గొంతు. "వాడింకా తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు."

అంతలో కారిడార్‌లో జూడ్ మాటలు. ఎవరికో జవాబు చెబుతున్నాడు.

పుల్ల పడేసి పరిగెత్తాను. కుర్చీ ఎక్కి, అక్కడి హీటర్ జాలీకి చెవి ఆనించి ఉన్నాడు. ఒక్కడే. చెయ్యి పట్టి లాక్కుని కార్ దాకా ఆగలేదు. వాణ్ణి వెనక ఎడమవైపు కూర్చోబెట్టి బెల్ట్ పెట్టి, నేను ముందు కూర్చున్నాను.

"అమ్మా, ఆ ఆంటీ అడిగింది. యువర్ బ్రదర్ ఎక్కడ ఉంది అని." వాడి తెలుగు అంతే. "నాకు బ్రదర్ ఉందా?"

లేడు అనబోయాను. ఎన్నేళ్లుగానో అలవాటైన మాట.

"ఉన్నాడు నాన్నా," అన్నాను. "నిన్ను ఉంచుకోవటానికి, వాణ్ణి నేనే వదులుకున్నాను."

నాకు ఏడుపు ఆగలేదు. అద్దంలో చూశాను. జూడ్ నన్ను చూడటం లేదు. తన పక్క సీటు వైపు చూస్తున్నాడు.

కార్ స్టార్ట్ చేశాను. టింగ్... టింగ్... టింగ్... బెల్ట్ పెట్టుకోలేదని మోత. నాది ఉంది. జూడ్‌ది ఉంది. డాష్‌బోర్డ్ మీద ఎర్రగా వెలుగుతున్నది వెనక కుడి సీటు గుర్తు. ఆ సీట్లో ఏమీ లేదు. బ్యాగులన్నీ నా పక్కనే ఉన్నాయి.

వానలో దిగాను. ఆ తలుపు తీసి, ఖాళీ సీటు మీదుగా బెల్ట్ లాగి పెట్టాను.

మోత ఆగింది.

లేవబోతుంటే, పిల్లవాడి మొహం ఉండే ఎత్తులో, నా బొటనవేలికి ఏదో తగిలింది. మెత్తగా. వెచ్చగా. తడిగా... అలవాటు కొద్దీ వేలు నాలికకి అద్దుకున్నాను.

వాన నీళ్లు ఉప్పగా ఉండవు.