ఓబులమ్మ అడుగుబిళ్ళ

2094వ సంవత్సరంలో ఎవరి పొలమైనా సర్కారు తీసుకోవాలంటే ముందుగా ఆ రైతు అరికాలి కింద ఒక బిళ్ళ పెట్టాలి. దాన్ని కనిపెట్టిన డాక్టర్ సంజీవరాయుడు ముచ్చటపడి మమతామాపకం అని పేరు పెట్టుకున్నాడు. జనానికి అంత నోరు తిరగలేదు, అడుగుబిళ్ళ అన్నారు. రూపాయి బిళ్ళంత సెన్సర్ అది, లోపల ఆ పొలంలోదే చిటికెడు మట్టి. మనసు ఆ నేల మీదికి పోయినప్పుడల్లా నరాల్లో పుట్టే సన్నని అలను పట్టుకుని, వందకు ఇంత అని అంకె వేస్తుంది. నెల రోజులు కట్టుకోవాలి. సగటు నలభై దాటిందా, సర్కారు ఆ పొలం జోలికి పోకుండా వేరే దారి చూసుకోవాలి. దాటలేదా, పరిహారం పుచ్చుకుని లేచిపోవాలి. ఏడుపులతో, దండాలతో పని లేదు.

వినడానికి ఎంతో న్యాయంగా ఉంది. కానీ ముప్పై అయిదేళ్ళలో నలభై దాటినవాళ్ళు ఏడుగురే. ఆ ఏడుగురూ నగరాల్లో కాపురముంటూ, ఏడాదికోసారి పొలం ముఖం చూసి వెళ్ళేవాళ్ళు. చదువుకున్నవాళ్ళ ప్రేమ లోతే వేరని పత్రికలు రాశాయి. మిగిలిన రైతులు తలవంచుకుని మూటాముల్లె సర్దుకున్నారు.

అలా పొలం పోయేవాళ్ళ తరఫున ఉచితంగా వాదించే వకీలు కుముదిని. ఇరవై ఏళ్ళలో ఒక్క కేసూ గెలవలేదు. ఆమె సంచిలో ఎప్పుడూ ఒక పాత బిళ్ళ ఉంటుంది, అది వాళ్ళ నాన్నది. ఆమెకు పదకొండేళ్ళప్పుడు వాళ్ళ వేరుశనగ చేను రాకెట్ల రేవు కిందికి పోయింది. నాన్నకు వచ్చిన అంకె ఆరు. వందకు ఆరు! చేను పోయినందుకంటే ఆ ఆరుకే ఆమె మనసు విరిగిపోయింది. నాన్నకు నిజంగా ప్రేమే ఉంటే చేను దక్కేదని నమ్మింది, ఆయన పోయేదాకా ముఖం చూసి సరిగ్గా మాట్లాడలేదు. ఆ చేను మాత్రం ఇప్పటికీ కలలోకి వస్తుంది. మొక్క పెరికితే వేళ్ళకు కాయలు, కాయలకు ఎర్రమట్టి. లేచాక ఆ పూటంతా ఏ పనీ తోచదు.

అలాంటి కుముదిని దగ్గరికి ఓబులమ్మ కేసు వచ్చింది. పెన్నా ఒడ్డున ఓబులమ్మకు ఎకరం తమలపాకు తోట ఉంది. రేవుకు సరుకులు మోసే రైలు దాని నడిమధ్య నుంచి పోవాలట. నెల తిరిగాక ఓబులమ్మ బిళ్ళ చూపించిన అంకె తొంభై ఒకటి.

యంత్రం చెడిందని సర్కారు వకీలు గగ్గోలు పెట్టాడు. తేల్చుకు రమ్మని ట్రిబ్యునల్ సంజీవరాయుణ్ణే పంపింది. ఎనభై దాటిన పెద్దమనిషి, చేతికర్ర పట్టుకుని పొద్దున్నే తోట గేటు దగ్గర దిగాడు. బిళ్ళలోని రికార్డు తెరిచి చూసి ముఖం చిట్లించాడు.

"రోజూ పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా బిళ్ళ నీ కాలికి లేదు. ఏం చేశావమ్మా?"

"నా మడమలు చూడు సామీ, అన్నీ పగుళ్ళే. బిళ్ళ అతుక్కోల్యా. అందుకే చెప్పుకు కుట్టించుకున్యా. రాత్రి పండుకున్యా ఇడువల్యా" అంది ఓబులమ్మ.

"మరి చెప్పులు?"

"ఈ గేటు కాడ ఇడుస్తా. ఆకుతోటలోకి చెప్పులేసుకోని ఎవురన్నా పోతారా? మా అబ్బ కాలం నుంచీ ల్యాదు."

వెంట వచ్చిన కుముదిని గబగబా కేసు కాగితాలు తిరగేసింది. గెలవకగెలవక గెలిచిన కేసు గేటు దగ్గరే పోయేలా ఉంది.

సంజీవరాయుడు మాత్రం ఆలోచనలో పడ్డాడు. "బయట చెప్పులు వేసుకున్నంతసేపూ ఏమనుకుంటూ ఉంటావు?"

"ఏమనుకుంటా? తడికె ఏసినానా ల్యాదా, నీళ్ళు పారినాయా ల్యాదా, ఎప్పుడు తెల్లారుతాదా అని. ఇంటికాడ కాలు నిలవదు సామీ."

ఆయన చెప్పులోంచి బిళ్ళ ఊడదీసి, ఆమె అరికాలికి తన చేతిగుడ్డతో కట్టాడు. గుడ్డ కట్టుకుంటే చెప్పు వేసుకున్నట్టు కాదు గదా అని ఒకటికి రెండుసార్లు అడిగి, ఓబులమ్మ తోటలోకి నడిచింది. ఆయన చేతిలోని తెర మీద ఎనభై ఎనిమిది కనబడుతోంది. గేటు దాటగానే యాభై, రెండో వరుసలో ఇరవై. అవిసె చెట్టు దగ్గర జారిన తీగ కనబడితే ఓబులమ్మ వీళ్ళ సంగతే మరిచిపోయి, జమ్ముగడ్డితో కట్టడం మొదలుపెట్టింది. అంకె ఆరు దగ్గర ఆగింది.

కుముదిని ఆ ఆరు వంక చూస్తూ నిలబడిపోయింది.

"సార్, మీ యంత్రం ఇన్నాళ్ళూ ఏం కొలిచింది?"

ఆయన తెర ఆర్పేశాడు. "మమకారం అనుకున్నాను తల్లీ. అది కొలిచింది బెంగ. దగ్గరున్నదాని మీద ఎవరికి బెంగ ఉంటుంది?"

"మరి ఓడిపోయిన రైతులు?"

"వాళ్ళంతా నెల రోజులూ వాళ్ళ పొలాల్లోనే ఉన్నారు" అన్నాడు.

కాలికి కట్టుకున్నంతసేపటి సగటే లెక్క అని చట్టంలో ఉంది. ఆ వాక్యం రాసిందీ ఆయనే. యంత్రంలో లోపం లేదు, తొంభై ఒకటి సరైనదే అని సంతకం పెట్టి, కర్ర ఊతంగా కారు వైపు నడిచాడు. తోట దక్కింది. ఇరవై ఏళ్ళకు కుముదిని ఒక కేసు గెలిచింది.

ఆమెకు సంతోషం రాలేదు. గేటు దగ్గర కూలబడి, సంచిలోంచి నాన్న బిళ్ళ తీసింది. అందులో ఇప్పటికీ వాళ్ళ చేని మట్టి చిటికెడు ఉంది. చెప్పు విడిచి అరికాలి కింద పెట్టుకుంది. బిళ్ళ అంచున ఉన్న ఆరు చెరిగిపోయి అంకె ఎక్కడం మొదలుపెట్టింది. అరవై, ఎనభై, తొంభై మూడు.

"వకీలమ్మా, చెప్పులు ఎట్లాగూ ఇడిసినావు గదా, లోపలికి రా!" అని తీగల మధ్యనుంచి ఓబులమ్మ కేకేసింది.

కుముదినికి కళ్ళనిండా నీళ్ళు. చేను పోయాక నాన్న పదహారేళ్ళు బతికాడు. సర్కారు ఇచ్చిన క్వార్టర్స్‌లో, సిమెంటు అరుగు మీద, రేవు దిక్కుకు తిరిగి కూర్చునేవాడు. ఆ పదహారేళ్ళలో ఒక్కరోజైనా ఆయన కాలికి ఎవరూ ఈ బిళ్ళ కట్టి చూడలేదు.