మైనస్ నాలుగున్నర నల్లతేలు

"ఇదిగో డాక్టరు బాబూ, నిన్నటి నుంచి ఈ మణికట్టు ఒకటే సలుపు. మొన్న శనివారం ఆ నల్లతేలు వెధవని గొడుగుతో నాలుగు ఉతికాను. వాడికేం కాలేదు కానీ నా చెయ్యి బెణికింది."

"నాలుగు కాదండీ, ఆ..." అని నాలిక్కరుచుకున్నాడు ఫిజియోథెరపిస్టు. "ఆ చెయ్యి ఇటివ్వండి."

నాలుగు కాదు, ఆరు. అతనికి బాగా తెలుసు. ఎందుకంటే ఆ నల్లతేలు అతనే. రెండు దెబ్బల తాలూకు వాపు ఇంకా వీపు మీదే ఉంది.

వారంలో ఐదు రోజులు అతను ఈ క్లినిక్‌లో పట్టేసిన నడుములూ బెణికిన చేతులూ సరిచేస్తాడు. శనివారం మధ్యాహ్నం మాత్రం రెండు వీధుల అవతల ఉన్న హాల్లో నల్ల ముసుగు తగిలించుకుని రెజ్లింగ్ రింగులోకి దూకుతాడు. జనాన్ని తిడతాడు, హీరోని వెనక నుంచి కొడతాడు, చివరికి చిత్తుగా ఓడిపోయి తోక ముడుస్తాడు. నాలుగేళ్లుగా ఇదే వరస.

ఈ సంగతి క్లినిక్‌లో పురుగుకి కూడా తెలియదు. హాలు నడిపే పెద్దాయనది, అందరూ బాబాయ్ అని పిలిచే ఆయనది, పాతకాలం పద్ధతి మరి. ముసుగు వెనక ఎవరున్నారో బయట పొక్కకూడదు. విలన్ అన్నవాడు వీధిలో హీరోతో కలిసి టీ తాగుతూ కనపడకూడదు. ఒకసారి విలన్, హీరో ఒకే సైకిల్ మీద ఇంటికెళ్తూ దొరికిపోతే బాబాయ్ ఇద్దరినీ నెలరోజులు రింగెక్కనివ్వలేదు. పిచ్చి అనండి, భక్తి అనండి, మీ ఇష్టం.

ఆ భక్తి ఇంకా ఎక్కువున్న మనిషి ఇప్పుడు అతని ఎదురుగా చెయ్యి చాపుకుని కూర్చుంది. నాలుగేళ్లుగా మొదటి వరసలో మొదటి కుర్చీ ఈ అమ్మమ్మగారిదే. పక్కన మనవరాలు. ఆ మనవరాలు ఇప్పుడు తలుపుకి ఆనుకుని, చేతులు కట్టుకుని, అతన్నే చూస్తోంది.

"మీ కాలం రెజ్లింగే వేరు కదండీ," అన్నాడతను మాట మారుద్దామని.

మార్చాడే కానీ తేనెతుట్టె కదిపానని తర్వాత తెలిసింది.

"వేరంటే వేరా! ఒకటే చానెల్, వారానికొక్క గంట. ఒకళ్లు డాబా ఎక్కి యాంటెన్నా తిప్పుతుంటే, కింద నుంచి 'వచ్చింది, వచ్చింది, అయ్యో పోయింది' అని ఒకళ్లు అరవడం. సగం గంట చుక్కలే కనపడేవి. అయినా ఆ చుక్కల్లోంచే విలన్‌ని గుర్తుపట్టి తిట్టేవాళ్లం. ఇప్పుడు మీట నొక్కితే చాలు, అడక్కుండానే తర్వాత భాగం వచ్చి పడుతుంది. ఎదురు చూడనిదానికి రుచేముంటుందయ్యా?"

"సూపర్ హీరో సినిమాలు చూస్తారా అండీ?"

"ఇదిగో, ఇది తీసుకెళ్తుంది. ఒక్క విలన్‌ని తిన్నగా తిట్టనివ్వరు! వాడు ఊరంతా తగలబెడుతుంటే మధ్యలో చిన్నప్పటి కష్టాలు చూపిస్తారు. పక్క సీటు కుర్రాడు కళ్లు తుడుచుకుంటున్నాడు. ఊరు తగలబెట్టిన వెధవ కోసం! మా నల్లతేలు నయం. వాడికి ఏ కష్టాలూ లేవు, పుట్టుకతోనే వెధవ."

అతనికి ఎందుకో చాలా గర్వంగా అనిపించింది.

వేడి కాపడం ఆవిరికి కళ్లజోడు మసకబారింది. తీసి తుడుస్తూ, కళ్లు చికిలించి స్టూలు కోసం వెతికాడు. స్టూలు ఒకవైపుంటే అతను ఇంకోవైపు కూర్చోబోయి తూలాడు. తలుపు దగ్గర అమ్మాయి కళ్లు పెద్దవయ్యాయి.

అమ్మమ్మగారిని తెర వెనక మిషన్ దగ్గర పడుకోబెట్టి ఇవతలికొచ్చేసరికి ఆ అమ్మాయి సిద్ధంగా ఉంది.

"మీ పవర్ ఎంత?"

"మైనస్ నాలుగున్నర. ఏం?"

"అందుకేనా, పోయిన శనివారం మూల స్తంభాన్ని హీరో అనుకుని గుద్దేశారు?"

అసలే తేలు, ఆపైన తేలుకుట్టిన దొంగలా కళ్లజోడు మళ్లీ తుడవడం మొదలెట్టాడు.

"పక్క వీధిలో కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాను," అంది గొంతు తగ్గించి. "మనిషిని మర్చిపోతానేమో కానీ చికిలించిన చూపు మర్చిపోను. నాలుగేళ్లుగా అనుకుంటున్నా, ఈ నల్లతేలుకి ఎవరైనా అద్దాలు పెడితే బాగుండునని."

"మీరు... అమ్మమ్మగారికి..."

"చెప్పనులెండి. కానీ ఒక షరతు. మా షాపుకొచ్చి కాంటాక్ట్ లెన్సులు పెట్టించుకోండి. ఇలాగే వదిలేస్తే ఏదో ఒక రోజు రిఫరీని హీరోయిన్ అనుకుని ఎత్తుకుపోయేలా ఉన్నారు."

తెర వెనక నుంచి అమ్మమ్మ గొంతు వినపడింది. "ఏవిటే ఆ గుసగుసలు?"

"ఫీజెంతో కనుక్కుంటున్నా అమ్మమ్మా!"

*

బుధవారం సాయంత్రం అతను షాపు మెట్లెక్కేసరికి వాన మొదలైంది. లోపల ఇంకెవరూ లేరు. గోడ నిండా కళ్లజోళ్లే.

"పైకి చూడండి. రెప్ప వెయ్యకండి," అంది వేలి చివర లెన్సు పట్టుకుని.

రెప్ప వేశాడు.

"రింగులో ముగ్గురు మీద పడ్డా బెదరరు. చిటికెన వేలి గోరంత లెన్సుకి భయమా?"

"ముగ్గురూ కంట్లో వేలు పెట్టరు కదండీ."

ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకి లెన్సు జారి కింద పడింది. ఇద్దరూ నేల మీద కూర్చుని వెతికారు. వెతుకుతూనే వాదించుకున్నారు.

"మీ సూపర్ హీరోలతో నాకు ఒకటే గొడవ," అన్నాడతను. "మా చిన్నప్పుడు ఒక హీరో, ఒక విలన్, ఒక సినిమా. ఇంటికొచ్చేసరికి కథ అయిపోయేది. ఇప్పుడో? ఒకటి అర్థం కావాలంటే పద్దెనిమిది చూసి రావాలి. సినిమానా, డిగ్రీ పరీక్షా?"

"చదవని వాళ్లందరూ సిలబస్‌నే తిడతారు."

"మరి మీరు శనివారాలు రెజ్లింగ్‌కి ఎందుకొస్తారు?"

"మొదట్లో అమ్మమ్మకి తోడు." లెన్సు దొరికింది. కడుగుతూ, అటు తిరిగి అంది. "తర్వాత, ఆ విలన్ కోసం. అందరూ హీరోనే చూస్తారు. నేను చూసేది, హీరోని ఎత్తి పడేసేటప్పుడు అతని తల నేలకి తగలకుండా కింద చెయ్యి పెట్టే మనిషిని."

అతను తన కుడి చేతిని ఓసారి చూసుకున్నాడు. నాలుగేళ్లలో ఆ చెయ్యిని చూసినవాళ్లు లేరు. అసలు ఎవరికీ కనపడకుండానే పెడతాడు.

ఈసారి రెప్ప వెయ్యలేదు. లెన్సు కూర్చుంది. మసకంతా విడిపోయి, మూరెడు దూరంలో ఆ అమ్మాయి మొహం స్పష్టంగా కనపడింది. ముక్కు పక్కన చిన్న పుట్టుమచ్చ, నవ్వు ఆపుకుంటున్న పెదవులు.

"కనపడుతోందా?"

"చాలా బాగా," అన్నాడు.

"బోర్డు మీద అక్షరాలండీ బాబూ!"

*

అమ్మమ్మ మణికట్టు పది రోజుల్లో నయమైంది. వీళ్లిద్దరి వాదన మాత్రం మూడు నెలలైనా తెగలేదు. ఒక ఆదివారం ఆమె అతన్ని సూపర్ హీరో సినిమాకి లాక్కెళ్లింది, మరో ఆదివారం అతను పాత రెజ్లింగ్ క్యాసెట్లు చూపించాడు. మీరు కాస్తా నువ్వు అయింది. ఒక సాయంత్రం షాపు షట్టర్ కిందికి లాగుతూ అతను అడిగేశాడు.

"నన్ను పెళ్లి చేసుకుంటావా?"

"చేసుకుంటాను," అంది ఆమె తడుముకోకుండా. "కానీ అమ్మమ్మ ఒప్పుకోవాలి. అమ్మానాన్నా దూరంగా ఉద్యోగాల్లో ఉంటే నన్ను పెంచింది ఆవిడే. ఆవిడ తల ఊపితేనే వాళ్లూ ఊపుతారు. ఆవిడ దగ్గర ముసుగు సంగతి దాచి పెళ్లి చేసుకోలేను."

అతనికీ అదే న్యాయంగా తోచింది. మర్నాడే వెళ్లాడు. అమ్మమ్మ ఎదుట చేతులు కట్టుకుని, తనే నల్లతేలునని చెప్పి, మీ మనవరాలంటే ప్రాణమని చెప్పి, తల దించుకుని నిలబడ్డాడు. గొడుగు దెబ్బలు పడతాయనుకున్నాడు.

పడలేదు. అమ్మమ్మ గొడుగు తీసుకెళ్లి మూల పెట్టి వచ్చింది.

"ఎందుకు చెప్పావు?" అంది చివరికి.

"నిజం దాచకూడదని..."

"నిజం ఎవరడిగారయ్యా నిన్ను?" ఆవిడ కుర్చీలో కూర్చుండిపోయింది. "అదంతా ఆటని నాకు తెలియదనుకున్నావా? చిన్నప్పుడే తెలుసు. తెలిసీ నమ్మడంలోనే ఉంది సరదా. ఆయన పోయాక ఇంట్లో గొంతెత్తే పనే లేకుండా పోయింది. వారమంతా మంచి ముసలావిడగా ఉంటాను. శనివారం ఒక్క గంట ఆ నల్లతేలుని కడుపారా తిట్టి, బతికున్నానని అనిపించుకుని ఇంటికొస్తాను. ఇప్పుడు ఆ ముసుగు చూస్తే నాకు ఎవరు కనపడతారు? నా చెయ్యి బాగు చేసిన డాక్టరు బాబు! నిన్నెలా తిట్టను?"

అతను తలెత్తలేకపోయాడు.

"పాతకాలం విలన్లు పోలీసులు పట్టుకున్నా ముసుగు సంగతి చెప్పేవాళ్లు కాదు. నా నల్లతేలుని నువ్వే చంపేశావు. చంపినవాడికి పిల్లనెలా ఇవ్వను? వెళ్లు బాబూ."

చూశారా విడ్డూరం! లోకంలో అబద్ధం చెప్పి చెడినవాళ్లున్నారు. నిజం చెప్పి కొంప ముంచుకున్నది ఇతనొక్కడే.

*

రెండు శనివారాలు మొదటి కుర్చీ ఖాళీగా ఉంది. లెన్సుల పుణ్యమా అని ఆ ఖాళీ రింగులోంచి మరీ స్పష్టంగా కనపడింది. అతను తిడుతుంటే జనం కూడా మొక్కుబడిగా అరిచారు.

"ఇంట్లో కూడా మాట్లాడట్లేదు," అంది ఆమె శుక్రవారం ఫోన్లో, ఏడుపు గొంతుతో. "టీవీ కూడా పెట్టట్లేదు. నేనే చెప్పమన్నాను కదా. తప్పు నాది."

"ఇద్దరిదీ. వెళ్లి క్షమాపణ చెప్పనా?"

"చెప్తే ఇంకా మంచివాడివైపోతావు. ఆవిడ బాధే అది!"

అతను టక్కున లేచి కూర్చున్నాడు. నిజమే. పాతకాలం విలన్ ఎప్పుడైనా క్షమాపణ చెప్పాడా? ఇంకా దిగజారేవాడు.

"రేపు మూడు గంటలకి హాలు వాళ్లు ఫోన్లో లైవ్ పెడతారు కదా," అన్నాడు. "ఎలాగైనా అమ్మమ్మ చేత చూపించు."

శనివారం మూడు గంటలకి నల్లతేలు రింగెక్కాడు. హీరోని పట్టించుకోకుండా మైకు లాక్కున్నాడు. ముసుగు లోపల చెమట కారిపోతోంది. ఇది బెడిసికొడితే ఇక ఆ ఇంటి గడప తొక్కలేడు.

"ఏదీ, ఆ గొడుగు ముసలమ్మ ఏదీ?" అని గర్జించాడు ఖాళీ కుర్చీ వైపు చూపిస్తూ. "నాకు భయపడి మంచం కింద దూరిందా?"

హాలు ఒక్కసారి ఉలిక్కిపడి, వెంటనే గోల పెట్టింది.

"దాని చెయ్యి ఎవడో సోడాబుడ్డి కళ్లజోడు డాక్టరు బాగు చేశాడట! వాడో దద్దమ్మ! రింగు బయట నిలబడ్డానికి కూడా పనికిరాడు! పైగా దాని మనవరాలి మీద మనసు పడ్డాడట! వినవే ముసలీ, ఆ దద్దమ్మకి పిల్లనిస్తే ఊరుకోను! నేనంటే ఏంటో చూపిస్తాను!"

మూడొందల మంది లేచి నిలబడి తిట్టారు. అతను తలుపు వైపే చూస్తున్నాడు. ఒక నిమిషం గడిచింది. హీరో అయోమయంగా వీపు మీద తట్టాడు, కొట్టాలా వద్దా అన్నట్టు. నల్లతేలు ఆగమని సైగ చేశాడు. ఐదు నిమిషాలైంది. తిట్లు అయిపోవచ్చాయి. పదో నిమిషానికి అతని గొంతు బొంగురుపోయింది. బాబాయ్ పక్క నుంచి గడియారం చూపిస్తున్నాడు. ఇక అమ్మమ్మ రాదనుకున్నాడతను. ఏడుపొచ్చింది.

అప్పుడు తలుపు ధడాలున తెరుచుకుంది.

"ఎవర్రా మా డాక్టరు బాబుని అన్నది!"

ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వచ్చేసింది. వెనక మనవరాలు రొప్పుతూ పరిగెత్తుకొస్తోంది. జనం దారి ఇచ్చారు. అమ్మమ్మ తిన్నగా రింగు దగ్గరికొచ్చి, తాళ్ల మధ్య నుంచి చెయ్యి పెట్టి, ముసుగు మీద నుంచే నల్లతేలు చెవి దొరకబుచ్చుకుని మెలిపెట్టింది. అతను మోకాళ్ల మీద కూలబడ్డాడు. నటన కాదు, నిజంగానే నొప్పెట్టింది.

ఆవిడ అతని కళ్లలోకి ఒక్క క్షణం చూసింది. మొహం వెలిగిపోతోంది. ఆ తర్వాత హాలు దద్దరిల్లేలా అరిచింది.

"నీలాంటి వెధవలు వెయ్యిమంది అడ్డొచ్చినా సరే, నా మనవరాల్ని ఆ డాక్టరు బాబుకే ఇస్తాను! ఏం చేసుకుంటావో చేసుకో!"

అతనికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆవిడ కాళ్ల మీద పడాలనిపించింది. కానీ నల్లతేలు కదా. ఉన్న గొంతంతా కూడదీసుకున్నాడు.

"వీల్లేదు! ఈ పెళ్లి జరగనివ్వను!"

"జరుగుతుంది!" అన్నారు మూడొందల మంది ఒక్క గొంతుతో. అందరికంటే గట్టిగా, ఏడుస్తూ నవ్వుతూ, మనవరాలు అరిచింది.