పసుపు గుడ్డలో పందొమ్మిది పేర్లు

సోమవారం ఉదయం, కౌలాలంపూర్‌కి ఉత్తరాన ఇపో పట్నంలో ఒక మనిషి సగం కాఫీ తాగి, కప్పు సాసర్‌లో పెట్టి, బల్ల మీద తల వాల్చాడు. మళ్లీ ఎత్తలేదు. డాక్టరు గుండెపోటు అని రాసి సంతకం పెట్టాడు. మెడ వెనక సూది గుర్తు గురించి ఎవరూ రాయలేదు.

మధ్యాహ్నం సైబర్‌జయలో, ‘డేటా సొల్యూషన్స్’ అని బోర్డున్న నాలుగో అంతస్తులో ప్రేమ్‌నాథ్ ఫైలు తెరిచాడు. ఆ ఆఫీసులో డేటా లేదు, సొల్యూషన్స్ అంతకన్నా లేవు. విదేశీ ముఠాల మీద కన్నేసి ఉంచే రహస్య విభాగం అది. ఎదురు కుర్చీలో యోగేశ్వరి. ఇరవై రెండేళ్ల సర్వీసున్న ఏజెంట్.

“చనిపోయినవాడు టిబెటన్ కొరియర్,” అన్నాడు ప్రేమ్‌నాథ్. “బంటింగ్‌లో దాక్కున్న యాంగ్‌కీ అనే టీచర్ని కలవడానికి వెళ్తున్నాడు. టిబెట్‌లో వాళ్ల ఊరి బడిని చైనా అధికారులు మూసేశారు. పిల్లల్ని దూరంగా హాస్టళ్లకు పంపారు. తల్లిదండ్రులు వీధిలోకొచ్చారు. నలభై రెండు మంది జైల్లో ఉన్నారు. వాళ్ల పేర్లు ఆమె దగ్గరున్నాయి. సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకున్న మరో పందొమ్మిది మంది పేర్లూ ఉన్నాయి. వాళ్లింకా బయటే ఉన్నారు.”

“ఆ కాగితం అతన్ని చంపిన ముఠాకి దొరికితే?”

“వారం తిరక్కుండా జైల్లో అరవై ఒక్క మంది.”

“ఫోన్లో పంపొచ్చుగా?”

“ఆ నలభై రెండు మందిని పట్టించింది ఫోన్లే. అందుకే చేత్తో రాసింది. టిబెటన్ చేతికే ఇస్తానంటోంది. బలవంతపెడితే పొయ్యిలో వేస్తుందట. శుక్రవారం జెనీవాలో మానవ హక్కుల విచారణ. కొత్త కొరియర్ పేరు నోర్‌ఫెల్. ధర్మశాల నుంచి షామిని తీసుకొస్తోంది.”

షామిని కౌలాలంపూర్‌లో ఫ్యాషన్ షోలు నడుపుతుంది. ఆమె గదిలోకి వస్తే పెద్దమనుషులు లేచి కుర్చీ ఇస్తారు, కూర్చున్నాక రహస్యాలు చెబుతారు. ఆరేళ్లుగా ఆ రహస్యాలు విభాగానికి చేరుతున్నాయి.

“కోడ్?”

“‘క్లాంగ్ బస్సు వెళ్లిపోయిందా?’ అంటాడు. ‘బస్సెళ్లింది, టైరు ఇక్కడే ఉంది’ అనాలి.”

“ఈ కోడ్‌లు ఎవరు రాస్తారు సార్?”

“నేనే.”

యోగేశ్వరి ఫైలు మూసింది.

బుధవారం పదకొండుకి ఆమె బంటింగ్‌లో, అప్పడు అనే ఆయన టీ కొట్టులో ఏప్రన్ కట్టుకుని నిలబడి ఉంది. జడపిన్నులో కెమెరా, చెవిదుద్దులో రిసీవర్, కాలర్ బొత్తంలో మైకు. రెండు చేతుల్లో రెండు మగ్గులు. ఒకదాన్ని తల మీదకెత్తి, నడుం దగ్గరున్న రెండో దానిలోకి టీ వంచుతోంది. ఈ పని ఆమెకు వేషం కాదు. పదహారేళ్లప్పుడు ఇదే కొట్టులో నేర్చుకుంది. అప్పడు ఆమెకు చిన్నాన్న వరస.

“ఏటమ్మా యోగీ, చెయ్యింకా తిరుగుతాది లా నీకు,” అన్నాడు అప్పడు, అక్కడి అలవాటు ‘లా’ చేర్చి. తర్వాత యాంగ్‌కీ దాక్కున్న మేడ వైపు చూసి గొంతు తగ్గించాడు. “ఆ టీచరమ్మ ఉప్పు టీ అడిగినాది. ఉప్పేసి ఇచ్చినాను. తాగీసి ఏడ్సింది. అంత పాడుగా కాసినానా?”

“కాదు చిన్నాన్నా. ఇల్లు గుర్తొచ్చి ఉంటాది.”

“మరి బాగున్నాదని సెప్పొచ్చు కదా!”

కారు ఆగింది. ముందు షామిని దిగింది, వెనక నోర్‌ఫెల్. ముప్పై ఏళ్లుంటాయి. క్లాంగ్ బస్సు గురించి అడిగాడు. యోగేశ్వరి ముఖం మార్చకుండా టైరు గురించి చెప్పింది.

యాంగ్‌కీ మేడ దిగి వచ్చింది. చేతిలో పసుపు గుడ్డ చుట్టిన కట్ట. అందులో ఆమె తండ్రి పిండి డబ్బాలో దాచిన ప్రార్థన గ్రంథం ఉంది. చివరి పేజీల వెనక పేర్లు రాసింది.

నోర్‌ఫెల్ టిబెటన్ల మర్యాద ప్రకారం తెల్ల కండువా తీసి రెండు చేతులతో ఆమెకు అందించాడు. వాళ్ల భాషలో మాట్లాడాడు. ఆమె ఊరి పేరు చెప్పాడు, ఒక పాట చరణం పాడాడు. యాంగ్‌కీ కళ్లు తుడుచుకుని కట్ట ఇచ్చింది. అతను వంగి రెండు చేతులతో తీసుకున్నాడు.

అంతవరకూ తప్పు లేదు.

తర్వాత కూర్చుని, టీ గ్లాసు అందుకోవడానికి, కట్టను నేల మీద పెట్టాడు. దారికి అడ్డమనిపించింది కాబోలు. బూటుతో బల్ల కిందికి నెట్టాడు.

యోగేశ్వరికి ఆరేళ్లప్పుడు రబ్బరు ఎస్టేట్ ఇంట్లో తెలుగు వాచకానికి కాలు తగిలింది. ఆమె పుస్తకం తీసి కళ్లకద్దుకునేలోపే అమ్మ చెంప మీద కొట్టింది. నలభై ఏళ్లయినా కాలికి కాగితం తగిలితే చెయ్యి దానంతటదే కిందికి పోతుంది.

ఆమె యాంగ్‌కీ వైపు చూసింది. యాంగ్‌కీ ఆ బూటునే చూస్తోంది.

“సార్, వీడు టిబెటన్ కాదు,” అంది యోగేశ్వరి బొత్తంలోకి.

“వేలిముద్రలు మ్యాచ్ అయ్యాయి,” అంది చెవిదుద్దు.

“ఆ వేలిముద్రలు ఫైల్లో పెట్టిందెవరు?”

“షామిని.”

“ఇపో కొరియర్ సంగతి తెలిసిందెవరికి?”

జవాబు వచ్చేలోపే షామిని హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ తీసింది.

“వద్దు యోగీ అక్కా. బొత్తంతో మాట్లాడే టీ మాస్టర్ని నేనెక్కడా చూడలేదు.” ఆమె నోర్‌ఫెల్‌కు సైగ చేసింది. “కాగితాలు మోయక్కర్లేదు. ఫోటో చాలు.”

అతను గుడ్డ విప్పి, కుట్టులేని విడి పేజీల్ని నేల మీదికి తోసి, చివరివి వెతికి, ఫోన్ పెట్టాడు. క్లిక్. పందొమ్మిది మంది ఫోన్లోకి వెళ్లారు. తెర మీద ఫోటో పంపే గీత కదలడం మొదలైంది. పది శాతం. బంటింగ్‌లో సిగ్నల్ అంతే.

“మనకెందుకక్కా ఇది?” అంది షామిని. “వాళ్ల కొండలు, వాళ్ల బడి.”

“మా ఎస్టేట్‌లో తెలుగు బడి మూసీసినప్పుడూ అందరూ ఇదే అన్నారు షామినీ. వాళ్ల ఎస్టేట్, వాళ్ల బడి అని. మా అమ్మ గేటు కాడ మూడు రోజులు కూకున్నాది. పక్కన ఒక్కరు కూకోలేదు.”

“పాత కథలు.”

అరవై శాతం.

యోగేశ్వరి చేతుల్లో మగ్గులు ఇంకా ఉన్నాయి. పైచెయ్యి ఎత్తింది, అలవాటుగా. షామిని కళ్లు ఆ చేతి వెంట పైకి వెళ్లాయి. టీ మాత్రం మగ్గులోకి పడలేదు. నాలుగడుగుల ధారగా వెళ్లి పిస్టల్ పట్టుకున్న వేళ్ల మీద పడింది.

షామిని అరిచింది. పిస్టల్ జారింది. యోగేశ్వరి ఒక్క గెంతులో బల్ల దగ్గరకు చేరి నోర్‌ఫెల్ చేతిలోంచి ఫోన్ లాగింది. తొంభై ఆరు. పొయ్యి మీద మరుగుతున్న పాలలో పడేసింది. తెర ఒకసారి వెలిగింది. మీగడ కప్పేసింది.

నోర్‌ఫెల్ జేబులోంచి పెన్ను తీశాడు. మూత తీస్తే లోపల సూది. ఇపోలో పనిచేసింది అదే. యాంగ్‌కీ మాత్రం అతన్ని చూడలేదు. మోకాళ్ల మీద కూర్చుని పేజీలు ఏరుతోంది. ఏరిన పేజీనల్లా తలకి తాకించుకుంటోంది. సూది ఆమె మెడకి జానెడు దూరంలో ఉండగా అప్పడు స్టూలు ఎత్తి అతని వీపు మీద వేశాడు.

“బుక్కుని తంతావేట్రా!” అని ఇంకోసారి వేశాడు.

శుక్రవారం జెనీవాలో నలభై రెండు పేర్లూ యాంగ్‌కీయే చదివింది. ఊరి పేరు, వయసు, తీసుకెళ్లిన తేదీ. పందొమ్మిది పేర్లు మూసిన కవరులో ఇచ్చింది. వెనక వరుసలో యోగేశ్వరి కూర్చుని ఉంది. వాళ్లిద్దరూ అక్కడికి చేరేలోపే నోర్‌ఫెల్‌గా వచ్చినవాడి కోసం ముగ్గురు లాయర్లు దిగారు. వీసా తప్పులని తేల్చి అతన్ని విమానం ఎక్కించారు. జీతం ఎవరిదో అందరికీ తెలుసు, ఏ కాగితంలోనూ లేదు. షామిని నోరు విప్పలేదు. ఇపోలో సర్టిఫికెట్ మీద ఇప్పటికీ గుండెపోటే ఉంది.

తిరిగొచ్చాక ప్రేమ్‌నాథ్ యోగేశ్వరి ముందు ఫారం పెట్టాడు.

“ఇంతే సాధ్యమయింది,” అన్నాడు.

“తెలుసు సార్.” పెన్ను కాగితం చిరిగేంతగా నొక్కింది.

ఏడో గడిలో ‘అనుమానితుణ్ణి గుర్తించిన ఆధారం’ అని ఉంది. ఫోటో, వేలిముద్ర, గొంతు, ఇతరములు. ఆమె ఇతరములు దగ్గర టిక్ పెట్టి, పక్కన రాసింది:

‘చిన్నప్పుడు వీణ్ణి వాళ్లమ్మ కొట్టలేదు.’