లేనిది వినిపిస్తే ఏమంటారు?

కటవారియా సరాయ్‌లో మా ఎదురు బిల్డింగు డాబా మీద ఒంటిగా ఒక గది ఉంది. ఢిల్లీవాళ్ళు దాన్ని బర్సాతీ అంటారు. తలుపుకి తుప్పుపట్టిన తాళం. పగలు చడీచప్పుడు ఉండదు. రాత్రి పన్నెండు దాటితే మాత్రం... లోపల ఎవరో గుసగుసలాడతారు. ఆ గొంతు విని, దాని కింది గదిలో ముగ్గురు వరసగా ఖాళీ చేసి పోయారు.

ఇది లక్ష్మీపతి నాకు చెప్పిన సంగతి. అబద్ధమాడితే అతనికి చెవులు ఎర్రబడతాయి. ఆ రోజు పడలేదు.

ఆ కింది గదిలో తర్వాత దిగింది అతనూ, కిరీటీ. కిరీటిది సివిల్స్, ఆప్షనల్ సైకాలజీ, ఆఖరి అటెంప్ట్. మెయిన్స్‌కి ఎనిమిది రోజులుంది. సబ్జెక్టు మనిషి ఒంటికి పట్టేసింది. వాళ్ళమ్మ ఫోన్ చేసి తిన్నావా అంటే సెపరేషన్ యాంగ్జైటీ అనేవాడు. టిఫిన్ డబ్బా తెచ్చే దీదీ పప్పు నీళ్ళగా చేస్తే పాసివ్ అగ్రెషన్. పేరు పెట్టాక కూడా పప్పు నీళ్ళగానే ఉండేది.

"పైన ఎవరో ఉన్నార్రా... గది మారిపోదాం," అన్నాడు లక్ష్మీపతి ఒక రాత్రి.

"ఇప్పుడు మారితే నా పరీక్ష గోవిందా. నీది సజెస్టిబిలిటీ. దీదీ దెయ్యమంది, నీకు వినిపించింది. పద, నిరూపిస్తా."

చీకటి మెట్లు. ముందు కిరీటి, ఆరు మెట్లు వెనక లక్ష్మీపతి. డాబా మీద ఆరేసిన దుప్పటి ఒక్కసారి పైకి లేచింది — లక్ష్మీపతి ఆంజనేయస్వామిని తలుచుకున్నాడు.

తలుపు దగ్గర ఆగారు. ఏమీ లేదు... ఏమీ లేదు... తర్వాత లోపల్నుంచి సన్నగా —

"తప్పు... తప్పు... ఇదీ తప్పే..."

కిరీటి ఒక అడుగు వెనక్కి వేశాడు. నోరు మాత్రం ఆగలేదు. "భయపడకు... లేనిది వినిపిస్తే దాన్ని ఇల్యూజన్ అంటారు."

గుసగుస ఆగిపోయింది.

గొళ్ళెం కదిలింది. తాళం ఊరికే వేలాడుతోందని అప్పుడు తెలిసింది. తలుపు జానెడు తెరుచుకుంది —

"లేనిది వినిపిస్తే హాలూసినేషన్," అంది లోపల్నుంచి ఓ తెలుగు గొంతు. "ఉన్నదాన్ని తప్పుగా వింటే ఇల్యూజన్. కిరీటివి నువ్వేనా? మొన్న టెస్టులోనూ ఇదే రాశావు."

నెరిసిన గడ్డం, చేతిలో ఎర్ర పెన్ను, చుట్టూ జవాబు పత్రాల దొంతరలు. పేరు సదాశివరావు. అటెంప్టులన్నీ అయిపోయి తొమ్మిదేళ్ళు. పగలు పడుకుని, రాత్రిళ్ళు కిరీటి టెస్టులు రాసే కోచింగ్ సెంటర్ పేపర్లు దిద్దుతాడు. ఇంట్లో మాత్రం ఇంకా చదువుతున్నాననే చెబుతున్నాడట.

లక్ష్మీపతికి ప్రాణం లేచొచ్చింది. కిరీటి ఊరుకోలేక, "డినయల్," అని గొణిగాడు.

సదాశివరావు నొచ్చుకోలేదు. "నీకిది ఎన్నోది బాబూ?"

"ఆఖరిదండీ."

"అచ్ఛా... లోపల ఇంకో మంచం ఉందిలే."

ఆ ఎనిమిది రోజులూ కిరీటి నోరెత్తకుండా చదివాడు. ఎవరికీ ఏ పేరూ పెట్టలేదు. చూస్తుంటే జాలేసిందన్నాడు లక్ష్మీపతి.

మెయిన్స్ ఫలితాలొచ్చి నెలైంది. బాగా చదువుతున్నానమ్మా అని కిరీటి రోజూ ఇంటికి ఫోన్ చేస్తున్నాడు. నిన్న రాత్రి నేనే డాబా ఎక్కి విన్నాను. బర్సాతీలోంచి ఇప్పుడు రెండు గొంతులు వస్తున్నాయి —

"తప్పు... ఇదీ తప్పే..."